ఏటిగట్టు నుంచి గచ్చిబౌలి దాకా

మా అమ్మాయికి గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చిన ఏడాది, 2023 ఆగస్టు ఆఖరి ఆదివారం, నేను హైదరాబాద్ మారథాన్ పరిగెత్తాను. 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 5 గంటల 38 నిమిషాలు పట్టింది. అప్పటికి నాకు 47 ఏళ్లు.

ఈ మధ్య ఊళ్లో ఒక పెళ్లిలో చిన్ననాటి స్నేహితుడు కలిసి, "అసలు నీకీ పరుగు ఎప్పుడు పట్టుకుందిరా?" అని అడిగాడు. రెండేళ్లయిందిరా అని చెప్పబోయి ఆగిపోయాను. అది నిజం కాదనిపించింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ జవాబు సరిగ్గా చెప్పుకుందామనే ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

మా ఊరు ముక్తేశ్వరం రేవుకి దిగువన, గోదారి పాయ గౌతమి ఒడ్డున. ఊరికీ ఏటికీ మధ్య ఏటిగట్టు. కోనసీమలో పుట్టినవాళ్లకి ఏటిగట్టు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. సైకిలు నేర్చుకునేది దాని మీదే, సాయంత్రం కబుర్లు దాని మీదే, పెళ్లివారి బళ్లు వచ్చేదీ, పాడె వెళ్లేదీ దాని మీదనుంచే. వరదొచ్చినప్పుడు మాత్రం ఆ గట్టు ఊరికి గోడ. అది ఉంటే ఊరుంది.

1986లో నాకు పదేళ్లు. ఆ ఏడు వరలక్ష్మీవ్రతం, పంద్రాగస్టు ఒకే శుక్రవారం పడ్డాయి. పొద్దున్నే బళ్లో జెండా ఎగరేసి, పిప్పరమెంటు బిళ్లలు పంచి, గోదారి పెరుగుతోంది ఇళ్లకి పొండర్రా అని పంపేశారు. అమ్మ తోరం కట్టుకుంది, నానబోసిన సెనగలు వాయనం ఇచ్చింది. పేరంటానికి వచ్చినవాళ్లందరి నోటా ఒకటే మాట, నీళ్లు ఎంతవరకూ వచ్చాయని. నాన్న అప్పటికి రెండు రాత్రుల్నుంచి గట్టు మీదే ఉన్నారు. ఇంటికో మనిషి చొప్పున కాపలా. చేతిలో లాంతరు, గునపం, భుజాన గోనెసంచి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకి చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ హెచ్చరిక దాటిపోయి, ఇంకా పెరుగుతూనే ఉందని రేడియోలో చెబుతున్నారు.

శనివారం తెల్లారగట్ల అమ్మ క్యారేజీ కట్టి నన్ను గట్టు మీదకి పంపింది. చద్దన్నం, మాగాయ, ఓ ఉల్లిపాయ. నాన్న అన్నం వంక చూడలేదు. గట్టు లోపలి వైపు, మా కొబ్బరితోట అంచున, మోకాళ్ల మీద కూర్చుని నేలకేసి చూస్తున్నారు. అక్కడ నేలలోంచి నీళ్లు ఉబికి వస్తున్నాయి, చిన్న ఊటబావిలాగా. బుంగ పడిందన్నమాట.

అంతకుముందు ఏడు చిన్న వరదకే నాన్న నాకొకటి చెప్పారు. బుంగలోంచి తేటనీళ్లు వస్తే కంగారు లేదు, గట్టు వరదనీటిని పీలుస్తోందంతే. బురదనీళ్లు వస్తే మాత్రం గట్టు లోపల మట్టి కరిగి బయటికి వచ్చేస్తున్నట్టు. ఇక గండి పడటానికి ఎంతోసేపు పట్టదు. నేను వంగి చూశాను. నీళ్లు ఎర్రగా, చిక్కగా, టీ మరిగినట్టు వస్తున్నాయి.

నాన్న తలెత్తి, "దిగువ తూము దగ్గర లస్కరు షెడ్డుంది. ఇసక బస్తాలన్నీ అక్కడే వేశారు. మన తోట దగ్గర బుంగలో బురదనీళ్లు వస్తున్నాయని చెప్పు. ఇంకేమీ చెప్పకు. పరిగెట్టు" అన్నారు. లస్కరంటే కాలువలకీ గట్లకీ కాపలా ఉండే మనిషి.

పరిగెత్తాను. చెప్పుల్లేవు, ఒంటి మీద లాగూ ఒక్కటే. ఎడమ చేతి వైపు గోదారి. చెయ్యి చాపితే అందేటంత ఎత్తున, ఎర్రగా, చప్పుడు లేకుండా పోతోంది. పైనుంచి కొట్టుకొచ్చిన చెట్లు, గడ్డివాము ఒకటి వాముగానే తేలుతూ, దాని మీద ఏదో పక్షి. కుడి చేతి వైపు పల్లంలో మా ఊరి ఇళ్లు, వాటి కప్పులు నీటి కంటే కిందన ఉన్నాయి. ఏరు మా ఇళ్ల కంటే ఎత్తున ఉంటుందన్న సంగతి నేను ఆ పూటే చూశాను. ఆ దృశ్యం ఇప్పటికీ కలలోకి వస్తుంది. మాట మర్చిపోతానేమోనన్న భయంతో అడుగడుక్కీ పైకే అనుకుంటూ పోయాను. బుంగలో బురదనీళ్లు, బుంగలో బురదనీళ్లు. ఓ కాలు మోపినప్పుడు బుంగలో, రెండో కాలు మోపినప్పుడు బురదనీళ్లు. కడుపులో పోటొచ్చింది, నోరెండిపోయింది, గట్టు మీద తుమ్మముల్లు గుచ్చుకుంది. ఆగితే మాట పోతుందని ఆగలేదు.

లస్కరు దగ్గరికి చేరి ఆ రెండు మాటలూ చెప్పాను. మూడో మాట రాలేదు. ఆయన ఇంకేమీ అడగలేదు. సైకిళ్ల మీద, ఎడ్లబండి మీద, భుజాల మీద బస్తాలు కదిలాయి. నేను వాళ్ల వెనకే మళ్లీ పరిగెత్తుకొచ్చాను.

బుంగని మూసేస్తారనుకున్నాను. మూయలేదు. దాని చుట్టూ బస్తాలు పేర్చి బావికి వరలు కట్టినట్టు ఎత్తుగా కట్టారు. నీళ్లు ఆ బావిలో నిండి పైకి లేస్తే, కిందనుంచి వచ్చే ఒరవడి తగ్గి మట్టి రావడం ఆగుతుంది. బుంగని ఒకచోట నొక్కేస్తే పక్కన ఇంకోచోట తన్నుకొస్తుందట. నాన్న నడుం లోతు బురదలో నిలబడి ఒక్కో బస్తా అందుకుని, కాలితో తొక్కి సర్దుతూ ఉన్నారు. పొద్దెక్కేసరికి నీళ్లు తేటపడ్డాయి. అప్పుడు ఆయన గట్టెక్కి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, నన్ను చూశారు. "ఒరే, మంచినీళ్లు తాగావా?" అన్నారు.

ఆ మాట తప్ప ఆ పరుగు గురించి ఆయన ఆ రోజున గానీ, ఆ తరవాత ముప్పై అయిదేళ్లలో గానీ ఒక్క ముక్క మాట్లాడలేదు.

మా తోట దగ్గర గట్టు నిలబడింది. కానీ ఆ రాత్రే ఇంకా దిగువన వేరేచోట గండి పడి, నీళ్లు వెనకనుంచి ఊళ్లోకి వచ్చేశాయి. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పోయిన వరద అది. అంతకు ముందూ లేదు, ఆ తరవాతా లేదు. మేం గట్టు మీదే గుడారం వేసుకుని ఉన్నాం. ఆవు బతికింది, దూడ పోయింది. అమ్మ పూజగదిలోని వరలక్ష్మి కలశం మాత్రం నీళ్లు తీశాక అటక మీదే భద్రంగా దొరికింది. అమ్మ ఇప్పటికీ ఆ చెంబునే వాడుతుంది.

నెలకో ఎప్పటికో బడి తెరిచారు. అదే రోజుల్లో సియోల్ ఏషియాడ్‌లో పి.టి. ఉష నాలుగు స్వర్ణాలూ ఒక రజతమూ తెచ్చింది. డ్రిల్లు మాస్టారు పేపర్లో ఉష బొమ్మ కత్తిరించి బోర్డుకి అంటించి, మమ్మల్ని బురద ఆరిన గ్రౌండు చుట్టూ పరిగెత్తించారు. నేను మొదటివాణ్ణి వచ్చాను. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఎండిన కాలువ అడుగున, లాకుల నుంచి వంతెన దాకా పందేలు వేసుకునేవాళ్లం. కాలువ అడుగు ఇసక ఎంత మెత్తగా ఉంటుందో, ఎంత త్వరగా పిక్కలు లాగేస్తుందో అందులో పరిగెత్తినవాళ్లకే తెలుసు. ఆ తరవాత ఇంటరు, డిగ్రీ, ముమ్మిడివరంలో ఉద్యోగం, పెళ్లి, అమ్మాయి. పాతికేళ్లు నేను బస్సు కోసం తప్ప దేనికీ పరిగెత్తలేదు.

నాన్న 2021 వేసవిలో పోయారు. పెద్ద వయసే. పన్నెండో రోజు అయ్యాక బంధువులు వెళ్లిపోయారు, ఇల్లు బోసిపోయింది. తెల్లారగట్ల లేచి గట్టెక్కాను. మా తోట దగ్గర నుంచుని ఆ బుంగ పడిన చోటు వెతికాను. అక్కడ ఇప్పుడు గడ్డి మొలిచింది, ఓ ఈతచెట్టు. గట్టు ఇదివరకటి కంటే వెడల్పు, ఎత్తు. నడుస్తున్నవాణ్ణి నడుస్తున్నట్టే పరుగందుకున్నాను. ఎందుకని అడిగితే ఇవాళ్టికీ చెప్పలేను. ఏడుపు వచ్చినట్టే వచ్చింది ఆ పరుగు. తూము దాకా వెళ్లలేకపోయాను, మధ్యలోనే ఊపిరందక కూర్చుండిపోయాను. పదేళ్ల పిల్లాడు ఆగకుండా వెళ్లిన దూరం అది.

మర్నాడు మళ్లీ వెళ్లాను. మూడో వారానికి తూము దాకా ఆగకుండా వెళ్లగలిగాను. అమ్మాయి పుట్టినరోజుకి కొనిచ్చిన గడియారంలో చూస్తే 2.8 కిలోమీటర్లు. ముప్పై అయిదేళ్లుగా నా మనసులో అది అంతులేని దారి. 2.8 అన్న అంకె చూసి చాలాసేపు నమ్మలేదు.

అలా మొదలైంది. గీత కార్మికులు మోకు బుజాన వేసుకుని ఎదురొచ్చేవారు. "ఏవండీ, సుగరేవైనా వచ్చిందాండీ?" అని నిజంగా బాధపడుతూ అడిగేవారు. లేదండీ, ఊరికే అంటే, "ఆయ్, మంచిదేనండి, కుక్కలున్నాయ్ జాగర్తండి" అనేవారు. రెండు నెలల తరవాత అదే మనుషులు "ఇవాళ ఆలస్యం అయ్యిందేటండీ" అని పలకరించడం మొదలుపెట్టారు. వానాకాలం గట్టు మీద రక్తపింజరలు తిరుగుతాయి, టార్చి లేకుండా అడుగు వేయకూడదు. రోహిణీకార్తెలో అయితే తెల్లారగట్ల మూడున్నరకి మొదలెట్టినా, చెమట ఆరదు. మా గాలిలోనే నీళ్లుంటాయి. చొక్కా పిండితే కారేది. ఉప్పు, నిమ్మకాయ, బెల్లం వేసిన నీళ్లు సీసాలో పోసి తూము దగ్గర ఒకటి, రేవు దగ్గర ఒకటి ముందే దాచుకునేవాణ్ణి. పెద్ద పరుగు రోజున ముందు రాత్రి అన్నమే, రెండు పూటల అన్నం ఒకేసారి. తొడలు ఒరుసుకుపోకుండా వేసలిన్ రాయమన్నారు. మా ఇంట్లో కొబ్బరినూనె ఉండగా ఇంకేం కావాలి!

2022 జూలైలో గోదారి మళ్లీ వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ నాలుగు రాత్రులూ నేనూ గట్టు మీదే ఉన్నాను, నాన్న నిలబడిన చోటే, ఆయన లాంతరుకి బదులు ఫోన్ లైటు పట్టుకుని. బుంగలేమీ పడలేదు. ప్రతి గంటకీ గట్టు అడుగున చెయ్యి పెట్టి తడి చూసుకుంటూ తూము దాకా వెళ్లి వచ్చేవాణ్ణి. అప్పుడు కూడా నా కాళ్లు వాటంతటవే పరుగందుకున్నాయి.

ఆ దసరాకి వచ్చినప్పుడు మా అమ్మాయి, "నాన్నా, నువ్వు వారానికి ఎంత పరిగెడుతున్నావో నీకు తెలుస్తోందా? హైదరాబాద్ ఫుల్ మారథాన్‌కి నీ పేరు రాయిస్తున్నాను" అంది. వద్దన్నాను. వినలేదు. నా పేరు రాయించే ముందు అది నాకు ఒక్కటే హెచ్చరిక చేసింది. "అక్కడన్నీ ఎత్తులే నాన్నా. ఒక ఫ్లైఓవర్ దిగితే ఇంకో ఫ్లైఓవర్."

అదే పెద్ద చిక్కు. మా నేల చాప పరిచినట్టు ఉంటుంది. కోనసీమలో ఎత్తు కావాలంటే వంతెన ఎక్కాలి, ఇంకో దారి లేదు. అందుకని ఆదివారాలు తెల్లారకముందే బండి మీద ఎదుర్లంక వెళ్లేవాణ్ణి. అక్కణ్ణుంచి యానాం వైపు గౌతమి మీద వంతెన. నా చిన్నప్పుడు అక్కడ ఏరు పంటు మీద, అంటే బల్లకట్టు లాంటి పడవ మీద, దాటేవాళ్లం. బస్సు ఇవతల ఆగేది, పంటు నిండేదాకా ఎండలో నిలబడేవాళ్లం. కాన్పుకి తీసుకెళ్లే మనిషినీ ఆ పంటు మీదే దాటించాలి. ఎదుర్లంకలో పుట్టిన బాలయోగి గారు జిల్లా పరిషత్తు చైర్మనై, ఎంపీ అయ్యి, 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయన. ఈ వంతెన కోసం ఆయన పడిన తాపత్రయం మా వైపు పిల్లవాడికి కూడా తెలుసు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు కూలి ఆయన పోయారన్న వార్త వచ్చిన రోజు ముమ్మిడివరంలో ఒక్క కొట్టూ తెరవలేదు. నేను బస్టాండులో నిలబడి ఏడుస్తున్న ముసలివాళ్లని చూశాను. వంతెనకి ఆయన పేరే పెట్టారు.

ఆ వంతెన ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. పదిసార్లు, పన్నెండుసార్లు. సముద్రం దగ్గర కాబట్టి ఎదురుగాలి మొహం మీద కొడుతుంది. కింద పోటు ఎక్కినప్పుడు ఏరు లోపలికి నడుస్తుంది, పాటు తీసినప్పుడు సముద్రానికి వెళ్తుంది. వంతెన ఎక్కేటప్పుడు ఎత్తుకేసి చూడకూడదని నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. మా అమ్మమ్మగారి ఊరు గంగలకుర్రు. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి ప్రభ, అంటే దేవుణ్ణి ఉంచి అలంకరించిన ఎత్తైన వెదురు కట్టడం, మోసేటప్పుడు మా మావయ్యలతో పాటు నేనూ భుజం పెట్టినవాణ్ణే. వరిచేలో బురదలో దిగి, కౌశిక అనే ఏటి పాయ నీళ్లలో దిగి, మళ్లీ గట్టెక్కించేటప్పుడు ప్రభ శిఖరం వంక చూసినవాడు తూలిపోతాడు. "ముందువాడి మడమలు చూడు, అవి ఎక్కడ పడితే అక్కడ నీ కాలు వెయ్యి" అనేవాడు పెద్ద మావయ్య. వంతెన మీద నా ముందు ఎవరూ ఉండేవారు కాదు. తారు మీద తెల్లగీతలే నాకు మడమలు.

హైదరాబాద్ సంగతి. హుస్సేన్‌సాగర్ పక్కన పీపుల్స్ ప్లాజా దగ్గర చీకట్లో నిలబడ్డాం. ఒకే రంగు చొక్కాల్లో అంతమంది జనం, అందరి ఛాతీ మీదా నంబర్లు, పాటలు, దీపాలు. నేను సాగర్ నీళ్లకేసి చూస్తూ నిలబడ్డాను. కదలని నీళ్లు చూస్తే నాకెందుకో తోచదు. పక్కనున్న పెద్దాయన తాను ఇంతకుముందు ఎనిమిది మారథాన్లు పరిగెత్తానని, మొదటి పది కిలోమీటర్లు ఎవరితోనూ పోటీ పడొద్దని చెప్పారు. ఆ మాట నన్ను కాపాడింది. మొదట్లో పిల్లలంతా దూసుకుపోతుంటే నేను గట్టు మీద పొద్దున్నే వెళ్లే నడకనే వెళ్లాను. ఫ్లైఓవర్లు వచ్చాయి. మడమలు చూశాను. ఎవరి మడమలో, ఆకుపచ్చ బూట్లు, వాటి వెనకే ఎక్కాను, దిగాను. కేబీఆర్ పార్కు దగ్గర చెట్ల నీడలో ఒంటికి హాయిగా ఉంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంటుంది కదా, ఆగస్టులో అక్కడి పొద్దుటి గాలి మాకు మాఘమాసపు గాలి. చెమట ఆరడం ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. సగం దూరం దాటేసరికి నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది.

దారి పక్కన నీళ్లిచ్చే బల్లల దగ్గర కాలేజీ పిల్లలు నిలబడి అరటిపండ్లు, నారింజ తొనలు, ఉప్పు చేతిలో పెడుతున్నారు. ఎవరి పిల్లలో, పొద్దున మూడింటికి లేచి వచ్చి ముక్కూమొహం తెలియనివాళ్లకి నీళ్లిస్తున్నారు. ఒక్కో గ్లాసు తీసుకున్నప్పుడల్లా వాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది, కొందరికి పెట్టాను కూడా.

మారథాన్ కథ నేను ఆ ఏడే చదివాను. ఈ 42.195 లెక్క 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తిన దూరమట, 1921లో దాన్నే ఖాయం చేశారు. కథ మాత్రం పాతది. యుద్ధం సంగతి చెప్పడానికి ఒక మనిషి ఊరికి పరిగెత్తుకొచ్చిన కథ. 1896లో ఏథెన్స్‌లో మొదటి ఒలింపిక్ మారథాన్ గెలిచిన స్పిరిడాన్ లూయిస్ నీళ్లు మోసి బతికే మనిషి. చదివినప్పుడు వరండాలో కూర్చుని ఉన్నాను. పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఏటిగట్టు వైపు చూస్తూ ఉండిపోయాను.

కండల్లో, కాలేయంలో దాచుకున్న చక్కెర 30 కిలోమీటర్ల చుట్టుపక్కల ఖాళీ అయిపోతుందంటారు. నాకు 32 దగ్గర అయింది. పోటు మీద ఉన్న ఏరు ఉన్నట్టుండి పాటు తీసినట్టు ఒంట్లో బలం వెనక్కి వెళ్లిపోయింది. కుడి పిక్క పట్టేసింది. దుర్గం చెరువు తీగల వంతెన మీద అమ్మాయి నిలబడి ఉంటుందని తెలుసు కాబట్టి అక్కడిదాకా ఈడ్చుకొచ్చాను. అది నా మొహం చూసి ఏదో అనబోయి, మింగేసి, నాతో పాటు వంద అడుగులు పరిగెత్తింది. ఉద్యోగం చేసే పిల్ల, చున్నీ నడుముకి చుట్టుకుని పక్కన పరిగెత్తింది. "స్టేడియం దగ్గర ఉంటా నాన్నా" అని ఆగిపోయింది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతానని తెలుసు.

ఆ తరవాత ఎండ. చెట్టు లేదు. గాజు మేడలన్నీ ఎండని మన మీదకే విసురుతున్నాయి. నడుస్తున్నవాళ్లు, కూర్చున్నవాళ్లు, కాళ్లకి మందు కొట్టించుకుంటున్నవాళ్లు. ఎప్పుడు మొదలైందో తెలియదు, నోట్లో ఆ మాట తిరుగుతోంది. బుంగలో, బురదనీళ్లు. బుంగలో, బురదనీళ్లు. ముప్పై ఏడేళ్లలో నేను దాన్ని ఒక్కసారి కూడా పైకి అనుకున్న గుర్తు లేదు. కాళ్లు ఆ లెక్కకి పడటం మొదలుపెట్టాయి. చెప్పడానికి ఎవరూ లేరు, చెప్పాల్సిన కబురూ లేదు, అయినా ఆ కబురు పట్టుకుని పోతూనే ఉన్నాను.

36 దాటాక ఒక కుర్రాడు ఫుట్‌పాత్ అంచున తల మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. దాటుకుని నాలుగడుగులు వెళ్లాను. వెనక్కి వచ్చాను.

"ఒరే అబ్బాయ్, మంచినీళ్లు తాగావా?" అన్నాను.

ఆ గొంతు నాది కాదు. నాకే ఒళ్లు జలదరించింది. వాడు తలెత్తి, "కాళ్లు గుంజుతున్నయ్ అంకుల్, నాతోని కాదు" అన్నాడు. నా నడుం సంచిలో సీసా ఉంది, అమ్మ కట్టిచ్చిన బెల్లం ముక్క ఉంది. సగం వాడికిచ్చాను. లేపి నిలబెట్టాను. కాసేపు నడిచాం, కాసేపు పరిగెత్తాం. వాడిది జగిత్యాల దగ్గర పల్లెటూరట, వాళ్ల నాన్న దుబాయిలో ఉంటాడట. బయోడైవర్సిటీ కూడలి దగ్గర ఎక్కుడు వచ్చినప్పుడు "పైకి చూడకు, నా మడమలు చూడు" అన్నాను. నా వెనక వాడి అడుగుల చప్పుడు వినబడుతూ ఉంది. ఆ చప్పుడు లేకపోతే నేను ఆ ఎత్తు ఎక్కేవాణ్ణి కాదు.

గచ్చిబౌలి స్టేడియం కనబడింది. ఆ పేరు నాకు ముందే తెలుసు, అమ్మాయి పంపిన కాగితంలో చదివాను. చదవడం వేరు. 41 కిలోమీటర్లు వచ్చాక, కళ్లు మసకలు కమ్ముతుంటే, ఎదురుగా జి.ఎం.సి. బాలయోగి అన్న అక్షరాలు కనబడటం వేరు. ఎదుర్లంక వంతెన మీద చీకట్లో ఎన్నిసార్లు ఎక్కి దిగానో, ఆ చివరన ఉన్న పేరే ఇక్కడా ఉంది. మా వైపు మనిషి గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తున్నట్టు అనిపించింది. అక్కణ్ణుంచి లోపలి దాకా ఏడుస్తూనే పరిగెత్తాను. కుర్రాడు భయపడి "ఏమైంది అంకుల్?" అన్నాడు. "మా ఊరు వచ్చిందిరా" అన్నాను. వాడికి అర్థమై ఉండదు. ఇద్దరం ఒకేసారి గీత దాటాం.

మెడలో పతకం వేశారు. అమ్మాయి వాటేసుకుంది. అరగంట దాకా నేను నేల మీద పడుకునే ఉన్నాను. ఆ కుర్రాడు వెళ్లేటప్పుడు వంగి నా కాళ్లకి దణ్ణం పెట్టబోయాడు. పట్టుకుని ఆపాను.

మూడో రోజున ఊరొచ్చాను. మెట్లు దిగలేకపోతున్నాను, బస్సులోంచి ఒక్కో కాలూ చేత్తో పట్టుకుని దింపుకున్నాను. అమ్మ వీధి అరుగు మీద కూర్చుని కొబ్బరి ఈనెలు చీరుతోంది. పతకం చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎంత దూరంరా?"

"నలభై రెండు కిలోమీటర్లమ్మా."

"ఆ లెక్కలు నాకు చెప్పకు. ఎక్కణ్ణుంచి ఎక్కడికో చెప్పు."

ఆలోచించాను. రేవు దాటితే అవతల కోటిపల్లి. అక్కణ్ణుంచి కాకినాడకి రైలుదారి. రెండో యుద్ధం రోజుల్లో పట్టాలు పీకేస్తే 2004లో మళ్లీ వేశారు. కొత్తగా వేసినప్పుడు అమ్మా నాన్నా పంటు దాటి వెళ్లి ఆ రైలుబస్సు ఎక్కి కాకినాడ చూసొచ్చారు.

"కోటిపల్లిలో రైలుబస్సు ఎక్కారు చూడూ నువ్వూ నాన్నా. ఆ దారంతా అనుకో. కాకినాడ చేరవు గానీ, దగ్గర దగ్గర. అది నలభై అయిదు. ఇంకో మూడు కిలోమీటర్లు తక్కువ."

అమ్మ ఈనెల కట్ట పక్కన పెట్టి, అరుగు మీద చెయ్యి ఆనించి లేచింది.

"ఆ కాస్తా ఎనభై ఆరులోనే పరిగెట్టేశావు కదరా" అంది. పతకం పట్టుకుని, నాన్న ఫొటో ఉన్న గదిలోకి వెళ్లింది.